అడవి గులాబీకి పేరు పెట్టడం ఎందుకింత కష్టం? డీఎన్‌ఏ మార్కర్లు తేల్చేవి, తేల్చలేనివి

క్లుప్తంగా: అంతరించే ముప్పున్న అడవి గులాబీలను గుర్తించాలంటే ఇప్పుడు డీఎన్‌ఏ మార్కర్లు లేకుండా పని జరగదు. అయితే గులాబీల విషయంలో ఏ ఒక్క మార్కరూ జాతి పేరును నేరుగా చేతికివ్వదు. ఒకటి తల్లి వంశాన్ని చూపిస్తుంది. ఒకటి పక్కపక్కనున్న రెండు పొదలు ఒకే మొక్కా, వేర్వేరు మొక్కలా అన్నది చెబుతుంది. మరొకటి తోట గులాబీ రక్తం కలిసిందా అన్నది పట్టిస్తుంది. ప్రశ్నకు తగని మార్కర్ ఎంచుకుంటే ఖర్చు వృథా కావడంతో ఆగదు, కాపాడాల్సిన మొక్కే జాబితాలోంచి జారిపోవచ్చు.

పేరు తేలితేనే రక్షణ

రోసా రుగోసా అనే గులాబీ ఈశాన్య ఆసియా సముద్రతీరపు మొక్క. చైనాలో దీని అడవి మొక్కలు బాగా తగ్గిపోయాయి. అందుకే 2021లో సవరించిన జాతీయ రక్షిత వృక్షాల జాబితాలో దాన్ని రెండో శ్రేణిలో చేర్చారు. అదే మొక్కను డెన్మార్క్, జర్మనీ తీరాల్లోని ఇసుక దిబ్బల మీద పీకి పారేస్తున్నారు. యూరప్‌కు అలంకార మొక్కగా వెళ్లిన ఈ గులాబీ అక్కడ దిబ్బలను ఆక్రమించి, స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసింది. ఒకే జాతి ఒక తీరంలో రక్షితం, ఇంకో తీరంలో బెడద. ఇలాంటి చోట పొద మీద ఉన్న పేరొక్కటే చాలదు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరితో కలిసింది అన్నది కూడా తెలియాలి.

అయినా రక్షణ చట్టాలు నడిచేది పేర్ల మీదే. జాబితాలో పేరుంటే కొమ్మ నరికినా నేరమే, లేకపోతే పొదంతా చదును చేసినా అడిగేవారుండరు. గులాబీ ప్రజాతిలో ఆ పేర్ల లెక్కే ఇంకా కుదురుకోలేదు. ప్రపంచంలో గులాబీ జాతులు 150 నుంచి 200 వరకు ఉంటాయని వృక్షశాస్త్రవేత్తలు అంటారు. ఆ తేడా ఇంకా దొరకని మొక్కల వల్ల వచ్చింది కాదు. దొరికిన వాటిలో దేన్ని జాతి అనాలి, దేన్ని ఉపజాతి అనాలి, దేన్ని సంకరం అనాలి అన్నదానిపై ఒప్పందం లేకపోవడం వల్ల వచ్చింది.

ఆకూ ముల్లూ చూసి ఎందుకు చెప్పలేం?

గులాబీ జాతుల మధ్య హద్దులు గీయడం కష్టమని మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ 1753లోనే రాశాడు. ఆ తర్వాతి తరాలవారు హద్దులు గీయడం మానలేదు సరికదా, ఇంకా సన్నగా గీశారు. 19వ శతాబ్దంలో యూరప్‌లో ముల్లు వంపులో తేడా ఉందని ఒక పేరు, ఆకు అంచు రంపపు పళ్లలో తేడా ఉందని ఇంకో పేరు పెట్టుకుంటూ పోయారు. అలా పుట్టిన వందల పేర్లలో చాలావాటిని తర్వాత కొట్టేయాల్సి వచ్చింది.

చిక్కు చూసేవారి కంట్లో లేదు, మొక్కలో ఉంది. గులాబీలు తేలిగ్గా సంకరమవుతాయి, ఆ సంకరాలకు తరచూ విత్తనాలు కూడా పడతాయి. పైగా క్రోమోజోముల సంఖ్య స్థిరంగా ఉండదు. గులాబీల్లో మూల సంఖ్య 7. రెండు సెట్లున్న డిప్లాయిడ్ మొక్కకు 14, నాలుగు సెట్లున్న టెట్రాప్లాయిడ్‌కు 28. రోసా రాక్స్‌బర్గీకి 14 క్రోమోజోములుంటే, అదే విభాగానికి చెందిన రోసా ప్రీల్యూసెన్స్‌కు 70 ఉన్నాయి, అంటే పది సెట్లు. చైనాలోని యునాన్‌లో షాంగ్రీ-లా ప్రాంతపు ఎత్తైన పీఠభూమిలో తప్ప ఇది సహజంగా మరెక్కడా పెరగదు.

ఇంకో ఇబ్బంది ఎండబెట్టిన నమూనాలది. డాగ్ రోజ్ అని పిలిచే రోసా కనైనాలోనూ దాని దగ్గరి చుట్టాల్లోనూ జాతిని పట్టించే గుర్తు కాయ పైన కనిపిస్తుంది. రక్షక పత్రాలు (పువ్వు అడుగునుండే ఆకుపచ్చ రేకులు) కాయ పండకముందే రాలిపోతాయా, చివరిదాకా నిటారుగా అంటిపెట్టుకుని ఉంటాయా అన్నది చూడాలి. పూత సమయంలో కోసి అతికించిన కొమ్మలో ఆ సంగతి తెలియదు. కాయ ఉన్న కొమ్మలో పువ్వు రంగు తెలియదు. మ్యూజియం బీరువాల్లో ఉన్న పాత నమూనాల మీద పేరు అనుమానాస్పదంగా మిగిలిపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఏ మార్కర్ దేనికి పనికొస్తుంది

మార్కర్ అంటే డీఎన్‌ఏలో మొక్కకూ మొక్కకూ తేడా కనిపించే ఒక చోటు. ఆ తేడాను ఏ విధంగా చూస్తున్నాం అన్నదాన్ని బట్టి పద్ధతులు మారాయి.

1990లో వచ్చిన ర్యాపిడ్ (RAPD) పద్ధతి చవక. మొక్క గురించి ముందుగా ఏమీ తెలియనక్కర్లేదు. ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క వేసి పీసీఆర్ (డీఎన్‌ఏకు లెక్కలేనన్ని కాపీలు తీసే ప్రక్రియ) నడిపితే జెల్ మీద గీతలు పడతాయి. కానీ అదే నమూనాను ఇంకో ల్యాబ్‌లో నడిపితే గీతలు మారిపోవచ్చు. 1995లో వచ్చిన ఏఎఫ్‌ఎల్‌పీ అంతకంటే నమ్మదగినది. అయితే రెంటికీ ఒక లోపం ఉమ్మడిగా ఉంది. గీత ఉందో లేదో తెలుస్తుంది గానీ, ఆ గీత వెనకున్న రూపం మొక్కలో ఒక కాపీ ఉందో, నాలుగు కాపీలున్నాయో తెలియదు. క్రోమోజోముల సెట్లు రెండు నుంచి పది దాకా మారే గులాబీల్లో ఇది చిన్న లోపం కాదు.

మైక్రోశాటిలైట్లు ఈ లోటును కొంత తీర్చాయి. డీఎన్‌ఏ వరసలో రెండు మూడు అక్షరాల ముక్క పదేపదే తిరిగొచ్చే చోట్లివి. ఎన్నిసార్లు తిరిగొచ్చిందన్నది మొక్కను బట్టి మారుతుంది, కాబట్టి పొడవు కొలిస్తే సరిపోతుంది. ఒక పొదను పక్క పొద నుంచి వేరు చేయాలంటే పది పన్నెండు మంచి మైక్రోశాటిలైట్లతోనే చాలావరకు పని జరుగుతుంది.

బార్‌కోడ్ పద్ధతి అడిగే ప్రశ్న వేరు. ఏ మొక్కనైనా రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలతో గుర్తించాలన్నది దాని ఆశయం. నేల మొక్కలకు ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు క్లోరోప్లాస్ట్ (ఆకుల్లోని ఆకుపచ్చ కణభాగం) జన్యువులను 2009లో ప్రమాణంగా సూచించారు. 550 జాతుల నుంచి తీసిన 907 నమూనాలపై పరీక్షిస్తే ఈ జంట 72 శాతం జాతులను వేరు చేయగలిగింది. అన్ని రకాల మొక్కలనూ కలిపి వచ్చిన సగటు అది. గులాబీల్లాగా ఈమధ్యే విడిపోయి, ఇంకా ఒకదానితో ఒకటి కలుస్తూనే ఉన్న గుంపుల్లో ఫలితం అంత బాగుండదు. బార్‌కోడ్ చూసి ఇది గులాబీయేనని చెప్పొచ్చు, చాలాసార్లు గులాబీల వంశవృక్షంలో ఏ కొమ్మకు చెందినదో కూడా చెప్పొచ్చు. జాతి దగ్గరికి వచ్చేసరికి నాలుగైదు పేర్లు ఒకే డీఎన్‌ఏ వరసతో బయటికొస్తాయి.

ఎక్కువ చోట్ల ఒక్కో అక్షరపు తేడాను చూసేవి ఎస్‌ఎన్‌పీ మార్కర్లు. ఇప్పుడు మొగ్గు వీటివైపే. 2008లో వచ్చిన ర్యాడ్-సీక్, 2011 నాటి జీబీఎస్ పద్ధతులతో ముందస్తు సమాచారం లేకుండానే వేల చోట్ల తేడాలు చూడొచ్చు. గులాబీకి సుమారు 68 వేల ఎస్‌ఎన్‌పీలున్న రెడీమేడ్ చిప్ 2015 నుంచీ ఉంది. సౌకర్యంగానే ఉంటుంది గానీ, దాన్ని తోట గులాబీల్లో, పూల మార్కెట్ గులాబీల్లో కనిపించిన తేడాలతో తయారుచేశారు. అడవి గులాబీని దానిమీద పరీక్షిస్తే తోటల్లోకి చేరని తేడాలు దానికి కనబడవు. ఫలితంగా అడవి మొక్కలో వైవిధ్యం ఉన్నదానికంటే తక్కువగా లెక్కకొస్తుంది. ముప్పున్న జాతిలో వైవిధ్యం అడుగంటిందని ఎవరైనా ప్రకటిస్తే, ముందు అడగాల్సింది ఏ చిప్ వాడారని.

ఒక చోటు, మూడు శిఖరాలు

మైక్రోశాటిలైట్ ఫలితం కంప్యూటర్ తెర మీద శిఖరాల వరసగా వస్తుంది. అడ్డంగా పొడవు, నిలువుగా సంకేతం బలం. ఒక పొద నమూనాలో ఒక చోట 150, 154, 162 అక్షరాల దగ్గర మూడు శిఖరాలు లేచాయనుకుందాం. డిప్లాయిడ్ మొక్కలో రెండుకు మించి రాకూడదు. కాబట్టి అది డిప్లాయిడ్ కాకపోవచ్చు, లేదా రెండు నమూనాలు పొరపాటున కలిసిపోయి ఉండొచ్చు. పీసీఆర్‌లో ఎంజైమ్ జారడం వల్ల అసలు శిఖరానికి రెండు అక్షరాలు తక్కువలో ఒక నీడ శిఖరం కూడా లేస్తుంది. 148 దగ్గర చిన్న గుట్టలాంటిది కనిపిస్తే అది ఆ నీడే కావచ్చు, దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

ఇప్పుడు అసలు తలనొప్పి. అది టెట్రాప్లాయిడ్ అయితే నాలుగు కాపీలుండాలి, శిఖరాలు మూడే. ఏ రూపం రెండుసార్లుంది? దానికి శిఖరాల వైశాల్యాలను పోల్చి చూస్తారు. 154 శిఖరం మిగతావాటికి సుమారు రెట్టింపుంటే ఆ రూపం రెండు కాపీలున్నట్టు. ఇలా నిష్పత్తులతో కాపీలు లెక్కగట్టే మ్యాక్-పీఆర్ పద్ధతిని 2004లో గులాబీల మీదే రూపొందించారు. ఐదారు సెట్లున్న మొక్కల్లో నిష్పత్తులు ఒకదానికొకటి దగ్గరపడతాయి. రెండుకు మూడా, మూడుకు మూడా అన్నది గట్టిగా చెప్పలేని పరిస్థితి వస్తుంది. చాలా అధ్యయనాలు ఇక్కడ కాపీల సంఖ్య వదిలేసి, ఏ రూపాలు ఉన్నాయి, ఏవి లేవు అన్నంతవరకే నమోదు చేస్తాయి. అది తప్పు కాదు. కాకపోతే డిప్లాయిడ్‌ల కోసం తయారైన జన్యు వైవిధ్య సూత్రాలను అలాంటి డేటాకు అలాగే వాడేయడం తప్పు.

ఎస్‌ఎన్‌పీలోనూ ఇదే బాధ వేరే వేషంలో వస్తుంది. టెట్రాప్లాయిడ్‌లో ఒక చోటును ఎనిమిదిసార్లు చదివితే మూడుసార్లు ఒక అక్షరం, ఐదుసార్లు ఇంకో అక్షరం వచ్చాయనుకుంటే, అది నాలుగింట ఒకటా, నాలుగింట రెండా అన్నది తేలదు. మరింత లోతుగా చదవాలి. అంటే నమూనాకయ్యే ఖర్చు పెరుగుతుంది, అదే బడ్జెట్‌లో నమూనాల సంఖ్య తగ్గుతుంది. అందుకే సీక్వెన్సింగ్‌కు ముందే ఫ్లో సైటోమెట్రీతో కణంలో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచి, ప్లాయిడీ, అంటే క్రోమోజోముల సెట్ల సంఖ్య, తెలుసుకోవడం మంచిది. ఈ మెట్టు దాటేసిన అధ్యయనాల్లో సంకరాల లెక్కను కొంచెం అనుమానంతోనే చూడాలి.

డాగ్ రోజ్ అనే మినహాయింపు

మార్కర్ శాస్త్రంలోని మామూలు ఊహలన్నిటినీ తలకిందులు చేసే గుంపు డాగ్ రోజ్‌లది. వీటిలో చాలావాటికి ఐదు సెట్లు, మొత్తం 35 క్రోమోజోములు. బేసి సంఖ్యలో సెట్లున్న మొక్క మామూలుగా విత్తనాలు కట్టలేదు, జంటలు సరిపోవు కాబట్టి. ఇవి మాత్రం ఒక దారి కనుక్కున్నాయి. 14 క్రోమోజోములు ఏడు జంటలుగా కలుస్తాయి. మిగిలిన 21 ఒంటరిగానే ఉండిపోతాయి. పుప్పొడి తయారీలో ఆ ఒంటరివన్నీ పోయి 7 మాత్రమే మిగులుతాయి. అండం తయారీలో 21 ఒంటరివీ అండంలోకే చేరతాయి, జంటల నుంచి వచ్చిన 7తో కలిపి 28 అవుతాయి. 28, 7 కలిసి మళ్లీ 35. ఈ ఏర్పాటు 1920ల నుంచే తెలుసు. కణ విభజనలో క్రోమోజోమును లాగడానికి పట్టు దొరికే చోటును సెంట్రోమియర్ అంటారు; ఒంటరి క్రోమోజోముల సెంట్రోమియర్లు జంటవాటికంటే పెద్దవని, అండం వైపు చేరడంలో వాటి పాత్ర ఉండొచ్చని 2025లో వెలువడిన జన్యు అధ్యయనం సూచించింది.

దీని పర్యవసానం సంరక్షణ దాకా వెళుతుంది. బిడ్డ మొక్కకు అయిదింట నాలుగు వంతులు తల్లివే. అంటే అవే రెండు జాతులను అటూ ఇటూ మార్చి సంకరం చేస్తే, ఏది తల్లి అన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు మొక్కలొస్తాయి. తల్లీతండ్రీ చెరిసగమని భావించి లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌కు ఈ మొక్కలిస్తే సంకరాన్ని శుద్ధ జాతి అని చెప్పే ప్రమాదం ఉంది. అంతేకాదు, ఒంటరి సెట్ల మీదున్న మార్కర్లు తల్లి నుంచి బిడ్డకు మార్పు లేకుండా దిగుతాయి. ఒక గుట్ట మీదున్న డాగ్ రోజ్‌లన్నీ చాలా చోట్ల ఒకేలా కనిపిస్తే, అవి ఒకే వేరు నుంచి లేచిన పిలకలని తొందరపడి రాసేయొచ్చు. నిజానికి అవి విత్తనం నుంచి పుట్టిన వేర్వేరు మొక్కలు కావచ్చు. జంటగా కలిసే సెట్ల మీదున్న మార్కర్లను విడిగా చూస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

కేంద్రకంలోని ఐటీఎస్ అనే చోటు ఈ గుంపులో మరో సంగతి చెప్పింది. మామూలుగా ఈ ప్రాంతపు కాపీలన్నీ కాలక్రమంలో ఒకేలా సర్దుకుంటాయి. డాగ్ రోజ్‌లలో అలా జరగకుండా వేర్వేరు పూర్వీకుల కాపీలు పక్కపక్కనే నిలిచిపోయాయి. వాటిలో ఒక రకం కాపీ ఈ గుంపు బయట పరిశీలించిన గులాబీల్లో కనిపించలేదు. ఆ కాపీని తెచ్చిన పూర్వీకుడు ఇప్పుడు లేడని పరిశోధకులు అనుకుంటున్నారు. అంతరించిన ఒక గులాబీ జాడ బతికున్న పొదల్లో మిగలడం అరుదైన విషయమే.

వర్గీకరణ చెట్టులో మార్పులు

చాలాకాలం చలామణీలో ఉన్న వర్గీకరణ 1940లో వృక్షశాస్త్రవేత్త రేడర్ స్థిరపరిచినది. గులాబీలను నాలుగు ఉపప్రజాతులుగా విడదీసి, వాటిలో పెద్దదాన్ని పది విభాగాలు చేశాడు. డీఎన్‌ఏ ఈ చెట్టును చాలా చోట్ల కదిపింది. ఇరాన్, మధ్య ఆసియా ఎడారుల్లో పెరిగే రోసా పెర్సికాకు చిన్నాకులుగా చీలని ఒంటరి ఆకు, పత్రపుచ్ఛాలు (ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న రెక్కలు) లేకపోవడం, పసుపు రేకు మొదట్లో ఎర్రటి మచ్చ ఉంటాయి. అందుకే కొందరు దాన్ని గులాబీయే కాదని హుల్తీమియా అనే వేరే ప్రజాతిలో పెట్టారు. డీఎన్‌ఏ దాన్ని గులాబీల్లోకే తెచ్చింది. పసుపు పూల జాతులు ఎక్కువున్న పింపినెల్లిఫోలియే విభాగం ఒకే వంశం కాదని కూడా తేలింది.

2025లో చైనా పరిశోధకులు చాలా అడవి జాతుల జన్యువులను పోల్చి, గులాబీల ఉమ్మడి పూర్వీకుడికి ఒంటి వరస రేకులున్న పసుపు పువ్వు, ఏడు చిన్నాకులున్న ఆకు ఉండి ఉంటాయని అంచనా వేశారు. అంటే పసుపు రంగు పాత లక్షణం. ఇద్దరికి పాత లక్షణం మిగిలినంత మాత్రాన వాళ్లు దగ్గరివాళ్లు కారు. పింపినెల్లిఫోలియే విషయంలో పాత వర్గీకరణ తడబడింది ఎక్కడో ఈ కోణంలో కొంత అర్థమవుతుంది.

క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ గీసిన చెట్టు, కేంద్రక డీఎన్‌ఏ గీసిన చెట్టు గులాబీల్లో తరచూ కలవవు. కారణం సూటిగానే ఉంటుంది. సుమారు లక్షా 57 వేల అక్షరాలున్న క్లోరోప్లాస్ట్ జన్యుసంపద ప్రధానంగా తల్లి నుంచి వస్తుంది. ఎప్పుడో ఒకసారి సంకరం జరిగి, ఆ బిడ్డలు తరతరాలుగా తండ్రి జాతితోనే కలుస్తూ పోతే, కేంద్రకం దాదాపు తండ్రి జాతిదైపోతుంది, క్లోరోప్లాస్ట్ మాత్రం మొదటి తల్లిదే ఉండిపోతుంది. క్లోరోప్లాస్ట్ ఒక్కటే చూసి రాసిన పేరు ఇలాంటి పొదకు పూర్తిగా తప్పు. రెండూ చూస్తే ఆ వైరుధ్యమే పొద చరిత్ర చెబుతుంది. ఒక్క చెట్టుతో ముగించే వ్యాసాలు ఎన్ని వచ్చినా గులాబీ వర్గీకరణ ముందుకు కదలకపోవడానికి ఇది ముఖ్య కారణం.

తోట గులాబీ అడవిలోకి వస్తే

ముప్పున్న చాలా గులాబీలకు ఆవాసం కోల్పోవడం ఎంత నష్టమో, పక్కనే పెంచే తోట గులాబీల పుప్పొడి కూడా అంతే నష్టం కావచ్చు. చైనాలో రక్షణ పొందిన రోసా చైనెన్సిస్ స్పాంటేనియా, మణిపూర్ నుంచి మయన్మార్ మీదుగా యునాన్ దాకా విస్తరించిన రోసా జైగాంటియా, రెండూ తోట గులాబీలకు పూర్వీకుల వరసే. చుట్టరికం దగ్గరైనకొద్దీ కలవడం తేలిక.

ఇక్కడ ఒక మార్కర్ ప్రత్యేకంగా పనికొస్తుంది. అడవి గులాబీల్లో చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. పూతను ఆపే కేఎస్‌ఎన్ అనే జన్యువులో కోపియా అనే గెంతే డీఎన్‌ఏ ముక్క దూరడం వల్ల చైనా తోట గులాబీలు ఏడాది పొడవునా పూయడం మొదలైందని 2012లో తేలింది. ఈ మార్పు అంతర్గత లక్షణం. రెండు కాపీలూ మారితేనే పూత మారుతుంది. ఒకే కాపీ ఉన్న సంకరం అడవి మొక్కలాగే ఒక్కసారే పూస్తుంది కాబట్టి చూసి పట్టుకోలేం. ఆ చోట పీసీఆర్ చేస్తే పొడవు తేడాతో అది దొరికిపోతుంది. దొరికిందంటే తోట జన్యువు వచ్చి కలిసిందనడానికి బలమైన సూచన. దొరకనంత మాత్రాన కలవలేదని కాదు, ఎందుకంటే అన్ని తోట గులాబీల్లోనూ ఈ మార్పు లేదు. మిగతా జన్యుసంపదంతటా చూసే మార్కర్లు తోడుండాలి.

సంకరమని తేలాక ఏం చేయాలన్నది డీఎన్‌ఏ చెప్పే విషయం కాదు. సహజంగా వేల ఏళ్ల కిందట కలిసిన సంకరం వేరు, రోడ్డు పక్క నాటిన పొద వల్ల నిన్నా మొన్నా కలిసింది వేరు. మొదటిదాన్ని తొలగిస్తే ఒక వంశాన్నే తుడిచేసినట్టు. పాత సంకరంలో ఇంకో మొక్క నుంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్కలు తరాలుగా తెగి చిన్నవై ఉంటాయి, కొత్తదాంట్లో పొడవుగా ఉంటాయి. ఆ పొడవులు కొలవాలంటే జన్యుసంపద పటం కావాలి. గులాబీకి అది 2018 నుంచీ ఉంది. ఓల్డ్ బ్లష్ అనే పాత చైనా గులాబీ నుంచి, దాదాపు 50 కోట్ల అక్షరాల పటాన్ని ఆ ఏడాది రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా తయారుచేశాయి. అయితే ఆ పటం తోట డిప్లాయిడ్‌ది. దూరపు అడవి జాతుల ముక్కలు దానిమీద సరిగా కుదరవు, ఐదారు సెట్లున్న మొక్కల్లోని వేర్వేరు కాపీలు ఒకే చోట పోగుపడతాయి.

పొదల లెక్క కూడా మార్కర్లు లేకుండా నమ్మలేం. వేరు పిలకలతో పాకే గులాబీలు చాలా ఉన్నాయి. కొండవాలు మీద రెండు వందల కాండాలు కనిపించినా అవి నాలుగే మొక్కలు కావచ్చు. అప్పుడు కొమ్మ కత్తిరింపులు తెచ్చి నర్సరీ నింపినా, కాపాడుతున్నది నాలుగు జన్యురూపాలనే. విత్తన బ్యాంకుకు కాయలు కోసేముందు ఏ కాండం ఏ మొక్కదో చూసుకోవాల్సింది అందుకే.

ల్యాబ్‌కు ముందు పని

గులాబీ ఆకుల్లో ఫినాళ్లు, జిగురు పదార్థాలు ఎక్కువ. ఆలస్యం చేస్తే డీఎన్‌ఏ గోధుమరంగు ముద్దగా వచ్చి పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. లేత ఆకును కోసిన వెంటనే సిలికా జెల్‌లో వేసి వేగంగా ఎండబెట్టడం దీనికి విరుగుడు. ఆకుతో పాటు అదే పొద కొమ్మను హెర్బేరియం నమూనాగా (ఎండబెట్టి కాగితానికి అతికించి) భద్రపరచాలి, వీలైతే పూతప్పుడొకసారి, కాయప్పుడొకసారి. పబ్లిక్ డేటాబేస్‌లలో తప్పు పేరుతో చేరిన గులాబీ సీక్వెన్స్‌లు ఉన్నాయి. కొత్త నమూనాను వాటితో పోల్చి పేరు పెడితే ఆ తప్పు ఇంకో చోటికి పాకుతుంది. కొమ్మ బీరువాలో ఉంటే పదేళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు రక్షక పత్రాలు చూసి పేరు సరిచేయగలరు. కొమ్మ లేకపోతే డేటాబేస్‌లోని అక్షరాల వరసను సరిచేయడానికి ఆధారమంటూ ఏదీ మిగలదు.